మట్టి లేకుండా మొక్కలు: మా పెరటి లెక్క, మా మేనల్లుడి లెక్క

పోయిన వారం మా పెరట్లో పైపుల్లో పెరిగిన పుదీనా ఫోటో పెట్టాను కదా, అప్పటి నుంచి మెసేజ్‌లే మెసేజ్‌లు. "మట్టి లేకుండా ఎలా పెరుగుతాయండీ?" అనేవాళ్ళు కొందరు, "డాబా మీద పెట్టుకోవచ్చా?" అనేవాళ్ళు ఇంకొందరు. "అర ఎకరంలో వేస్తే నెలకి ఎంత మిగులుతుంది?" అనేవాళ్ళే ఎక్కువమంది. అందరికీ కలిపి ఒకే పోస్టులో చెబుతాను. పెద్దదే అవుతుంది, టీ తెచ్చుకుని కూర్చోండి. అర ఎకరం ప్రశ్న అడిగినవాళ్ళు మాత్రం మధ్యలో వదిలెయ్యకండి. ఆ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది, దాని వెనక రెండెకరాల పొలం కాగితాలున్నాయి.

ముందు నా సంగతి. మాది కొల్లిపర వైపు. పసుపు, అరటి, కొంచెం కంద. హైడ్రోపోనిక్స్ నాకు వ్యాపారం కాదు, ఇష్టం. నాలుగేళ్ల కిందట ఇంటి వెనక వేపచెట్టు పక్కన 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగాలో ఇనప పైపులతో చిన్న గ్రీన్‌హౌస్ కట్టించాను. పైన వాన పడకుండా పాలిథిన్ షీటు, ఎండాకాలం దాని మీద 50 శాతం షేడ్‌నెట్, చుట్టూ పురుగు రాకుండా సన్న మెష్. లోపల ఆరు పైపులు, పైపుకి 18 రంధ్రాలు, మొత్తం 108 మొక్కలు. ఒక 200 లీటర్ల డ్రమ్ము, అందులో 40 వాట్ల పంపు. నీళ్ళు పైపు ఒక చివర నుంచి వేళ్ళ కింద పలచగా పారి, రెండో చివర నుంచి మళ్ళీ డ్రమ్ములోకి వచ్చేస్తాయి. దీన్ని ఎన్‌ఎఫ్‌టీ పద్ధతి అంటారు. పంపు రాత్రీ పగలూ తిరిగినా రోజుకి ఒక యూనిట్ లోపే కాలుతుంది. ఇది కాక చేపల మార్కెట్ నుంచి తెచ్చిన థర్మోకోల్ పెట్టెలు ఓ పది ఉన్నాయి. వాటి సంగతి తర్వాత.

మట్టి లేకుండా ఎలా అంటే, మొక్క మట్టిని తినదండీ. దానికి కావాల్సింది నిలబడడానికి పట్టు, తాగడానికి నీళ్ళు, ఆ నీళ్ళలో కరిగిన లవణాలు, వేళ్ళకి గాలి. మట్టి ఈ పనులన్నీ మనం అడక్కుండానే చేస్తుంది. ఎరువు ఎక్కువ పడితే కొంత తనలో పట్టి ఉంచుతుంది, తక్కువైతే కొంత వదులుతుంది. పైన ఎండ మండుతున్నా కింద జానెడు లోతులో చల్లగా ఉంచుతుంది. మీరు పెళ్ళికి వెళ్ళి రెండు రోజులు రాకపోయినా మొక్కని బతికిస్తుంది. మట్టి తీసేశారంటే ఆ పనులన్నీ మీ నెత్తిన పడ్డట్టే. హైడ్రోపోనిక్స్‌లో తెలుసుకోవాల్సింది చాలావరకు ఇదే, మిగతా సామాన్లన్నీ బజార్లో దొరుకుతాయి.

ఇదేమీ నిన్నా మొన్నటి వింత కాదు. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీలో గెరిక్ అనే ఆయన 1929 ప్రాంతంలో మొదలుపెట్టి, పోషకాలు కలిపిన నీళ్ళ తొట్టెల మీద టమాటా తీగల్ని 25 అడుగుల ఎత్తుకి పెంచాడు. 1937లో హైడ్రోపోనిక్స్ అన్న పేరు వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. పెద్ద సంచలనం అయింది. అప్పుడు అదే యూనివర్సిటీలో హోగ్లాండ్, ఆర్నన్ అనే ఇద్దరు జాగ్రత్తగా పరీక్షలు చేసి 1938లో ఒక చిన్న పుస్తకం వేశారు. మంచి నేలలో పండేదానికంటే నీళ్ళలో ఎక్కువేమీ పండదని తేల్చారు. తమాషా ఏమిటంటే, హోగ్లాండ్ పేరు మీద ఉన్న పోషకాల ఫార్ములాని ప్రపంచమంతా ఈరోజుకీ వాడుకుంటోంది, వాళ్ళు తేల్చిన మాట మాత్రం సామాను అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పరు. మన దేశంలో 1946లో షోల్టో డగ్లస్ అనే ఆయన ఈ సాగు మీద ప్రయోగాలు మొదలుపెట్టింది కాలింపాంగ్‌లో. చల్లటి కొండ ఊరు అది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక మందు. రైతులకి ఇది కొత్త కాదు, డ్రిప్‌లో వదిలే సరుకే. లెట్యూస్, పుదీనా లాంటి ఆకులకి 100 లీటర్ల మంచి నీటికి నేను వేసేది కాల్షియం నైట్రేట్ 80 గ్రాములు, 13-0-45 ఒక 30, 0-52-34 ఒక 15, మెగ్నీషియం సల్ఫేట్ 40. చీలేట్ రూపంలో ఉన్న సూక్ష్మపోషకాలు ప్యాకెట్ మీద రాసినంత. కాల్షియం నైట్రేట్‌ని మిగతావాటితో చిక్కగా ఎప్పుడూ కలపొద్దు, పాలు విరిగినట్టు తెల్లగా అడుక్కి దిగిపోతుంది. ఇక అది మొక్కకి అందదు. విడిగా ఒక బకెట్‌లో కరిగించి డ్రమ్ములో చివర్న పోయాలి. తర్వాత ఈసీ మీటరు పెడితే 1.6, 1.8 మధ్య చూపిస్తుంది. పీహెచ్ 5.5 నుంచి 6.5 లోపల ఉండాలి. మన బోరు నీళ్ళు గట్టివి, ఏమీ కలపకముందే కొన్నిచోట్ల ఈసీ 1 దాటి ఉంటుంది. ఇక అందులో ఏం కలుపుతారు? అందుకే నేను వాన నీళ్ళు పట్టుకుంటాను, అవి అయిపోయాక ఆర్వో నీళ్ళు.

చాలామంది 19-19-19 ఒక్కటే వేసి చూద్దాం అంటున్నారు. వద్దండీ. అందులో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. దాన్ని మొక్క తీసుకునే రూపంలోకి మార్చేది మట్టిలోని సూక్ష్మజీవులు. మట్టే లేనప్పుడు ఎవరు మారుస్తారు? జీవామృతం పోస్తే ఎలా ఉంటుందని ఒకాయన అడిగారు. పొలానికి పోయండి, ఎంతో మంచిది. డ్రమ్ములో పోస్తే మూడో రోజుకి కంపు, వారానికి వేళ్ళు కుళ్ళు. అలాగే ఈ ఆకుల్ని దయచేసి "సేంద్రియం" అని ఎవరికీ అమ్మకండి. పురుగుమందు కొట్టకుండా పండించొచ్చు, ఆ మాట నిజం. కానీ మొక్క తిన్నది సంచిలో వచ్చిన ఎరువే.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరకొద్దాం, వేడి. గ్రీన్‌హౌస్ అనేది చలిదేశాల వాళ్ళు వెచ్చదనం కోసం కట్టుకున్న ఇల్లు. మనకి వెచ్చదనానికి కరువా? మన దగ్గర ఆ ఇల్లు కట్టేది నీడ కోసం, వాన దెబ్బ తగలకుండా, పురుగు రాకుండా. నాలుగు పక్కలా పాలిథిన్ మూసేసి కట్టారంటే ఏప్రిల్లో అది గ్రీన్‌హౌస్ కాదు, ఇడ్లీ పాత్ర. ఫ్యాన్లు పెట్టి తడి ప్యాడ్ల మీదుగా గాలి లాగితే చల్లబడుతుందంటారు. రాయలసీమ, తెలంగాణ పొడిగాలిలో అది బాగా పనిచేస్తుంది. మా డెల్టాలో ఉక్కపోతకి చెమటే ఆరదు, ప్యాడు మీద నీళ్ళేం ఆరతాయి?

ఆకుకి తగిలే వేడి కన్నా వేరుకి తగిలే వేడి ప్రమాదం. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో దాదాపు 9 మిల్లీగ్రాములు ఉంటే, 35 డిగ్రీలకి 7 మిల్లీగ్రాములకి పడిపోతుంది. అదే వేడికి వేళ్ళు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతాయి. ఆ సందులో పిథియం అనే తెగులు దూరుతుంది. తెల్లగా ఉండాల్సిన వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే జిగురుగా చేతికి ఊడొస్తాయి. నీళ్ళు అందరికీ ఒకటే కాబట్టి ఒక మొక్కకి వచ్చిందంటే మిగతా వాటికి రావడానికి ఎన్నో రోజులు పట్టదు. పొలంలో అయితే ఒక చెట్టు పోతుంది, ఇక్కడ డ్రమ్ము మొత్తం పోతుంది.

అందుకే నా డ్రమ్ముని వేపచెట్టు నీడలో నేలలోకి నాలుగు అడుగులు దించి పెట్టాను. పైన ఉంటే మేలో 35 దాటే నీళ్ళు, గోతిలో 29, 30 దగ్గర ఆగుతున్నాయి. పైపులకి తెల్లరంగు వేశాను. బాగా మండే రోజుల్లో రెండు లీటర్ల సీసాల్లో ఐసు గడ్డకట్టించి డ్రమ్ములో వేస్తాం, రెండు సీసాలకి రెండు డిగ్రీలు తగ్గుతుంది. మా ఆవిడ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకి చోటు లేకుండా పోయింది, అది వేరే గొడవ. ఇంత చేసినా మేలో లెట్యూస్ రాదు. ఆ నెలల్లో తూటికూర, బచ్చలి, గంగపాయల వేస్తాను, వేడికి ఓర్చుకునే రకాలు.

రెండో కష్టం కరెంటు. పైపుల్లో పారే నీళ్ళు పలచగా ఉంటాయి కాబట్టి పంపు ఆగిన కాసేపటికే వేళ్ళు ఆరడం మొదలవుతుంది. రాత్రిపూట ఐదారు గంటలు ఆగినా నాకు ఏమీ కాలేదు, ఆకు నీళ్ళు తాగదు కాబట్టి. అదే మొన్న ఏప్రిల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి గాలిదుమారానికి లైను పోయింది. గంట తిరగకుండా 108 మొక్కలూ మెడలు వాల్చేశాయి. మా ఆవిడ, మా మేనల్లుడు మగ్గులతో పైపుల్లో నీళ్ళు పోస్తూ సాయంత్రం దాకా నిలబడ్డారు. ఆ పక్కనే ఉన్న థర్మోకోల్ పెట్టెల్లో మొక్కలు మాత్రం అసలేం జరగనట్టు ఉన్నాయి.

ఆ పెట్టెల పద్ధతి హవాయి యూనివర్సిటీకి చెందిన క్రాట్కీ అనే ఆయన పేరు మీద ఉంది. పంపు లేదు, కరెంటు లేదు. పెట్టెలో నల్ల కవరు పరిచి, మందు కలిపిన నీళ్ళు నింపి, మూతకి రంధ్రాలు చేసి చిన్న కప్పుల్లో మొక్కలు కూర్చోబెడతాం. మొదట కప్పు అడుగు నీటిని తాకుతూ ఉండాలి. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది, పైన వేళ్ళకి గాలి తగులుతుంది, కింది వేళ్ళు నీళ్ళు తాగుతాయి. నీళ్ళు తగ్గాయి కదా అని మళ్ళీ అంచు దాకా నింపొద్దు, గాలికి అలవాటుపడ్డ వేళ్ళు మునిగి చచ్చిపోతాయి. ఇంకో సంగతి, మూతకీ పెట్టెకీ మధ్య సందు ఉంటే దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ రోజులు, గట్టిగా మూయండి.

ఇక మా మేనల్లుడి సంగతి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. పోయిన దసరాకి వచ్చి ఒక కొటేషన్ నా చేతిలో పెట్టాడు. అర ఎకరం పాలీహౌస్, ఎన్‌ఎఫ్‌టీ పైపులు, 55 లక్షలు. పంట మొత్తం మేమే కొంటాం అని ఆ కంపెనీ వాళ్ళ మాట. ఉద్యోగం మానేస్తానంటాడు. బావ రెండెకరాల అరటి తోట బ్యాంకులో పెట్టాలి. అక్క ఫోన్ చేసింది, "ఒరే తమ్ముడూ, నీ పెరట్లో చూసే వాడికి ఈ పిచ్చి పట్టింది, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అని ఏడుపొకటే తక్కువ.

నేను వద్దనలేదండీ. వద్దంటే పంతం పెరుగుతుంది. ఆ కొటేషన్ వెనక కాగితం మీద ఆదాయం లెక్క ఉంది, పన్నెండు నెలలూ ఒకే అంకె. డిసెంబరుకీ మేకీ తేడా లేదు. ఆ రెండు గళ్ళ మీద వేలు పెట్టి, "అల్లుడూ, ఇది రాసినవాడు మన ఎండ చూశాడంటావా?" అన్నాను అంతే. కొంటామన్న కాగితంలో కూడా "మా నాణ్యతకి తగ్గట్టు ఉంటే" అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ నాణ్యత ఏమిటో ఎక్కడా లేదు. వాడు ఇంటి నుంచి పనిచేసే వీలు అడిగి తెచ్చుకుని నవంబరు నుంచి మే దాకా మా ఇంట్లోనే ఉండి, నా గ్రీన్‌హౌస్ వాడి చేత్తోనే నడిపాడు. ప్రతిదీ పుస్తకంలో రాశాడు. నేను చేసిందల్లా చూడడమే.

డిసెంబరులో 14 కిలోల లెట్యూస్, జనవరిలో 15, ఫిబ్రవరిలో 15. ఎంత బాగుందంటే ఫోటో తీస్తే ప్లాస్టిక్ ఆకులనుకుంటారు. విజయవాడలో ఒక హోటల్‌కి కిలో 160 చొప్పున బండి మీద తీసుకెళ్ళి ఇచ్చాడు. మార్చిలో వేసినవి పొడుగ్గా సాగి పూతకొచ్చాయి, ఆకు చేదు. ఏప్రిల్లో గింజే మొలవలేదు. లెట్యూస్ గింజ 30 డిగ్రీలు దాటితే నిద్రపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించాడు, పైపుల్లోకి మార్చిన వారానికి వేళ్ళు కుళ్ళాయి. హోటల్ వాళ్ళు మార్చిలోనే అడిగారట, "ఏడాదంతా వారం వారం ఇవ్వగలరా?" అని. వీడు మాట్లాడలేకపోయాడు. వాళ్ళు బెంగళూరు సరుకుకి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేముంది, మెనూ కార్డులో సలాడ్ ఎండాకాలం తీసెయ్యరు కదా.

ఒకరోజు రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. 44 కిలోలు, 7,040 రూపాయలు. గింజలు, మందు, స్పాంజీలు, కరెంటు, పెట్రోలు పోను నాలుగు వేల పైచిలుకు మిగులు, వాడి కూలి కట్టకుండా. మా గ్రీన్‌హౌస్ 240 చదరపు అడుగులు, అర ఎకరం దానికి 90 రెట్లు. అంటే సీజన్‌కి 3.6 లక్షలు. 55 లక్షలకి 11 శాతం వేసినా వడ్డీయే ఏడాదికి 6 లక్షలు. వాడు ఒప్పుకోలేదు. "పెద్దగా వేస్తే మొక్కలు దగ్గర దగ్గరగా వస్తాయి మావయ్యా, రెండింతలు వెయ్యి" అన్నాడు. న్యాయమైన మాటే, వేశాను. 7.2 లక్షలు వచ్చింది, వడ్డీ పోను లక్ష చిల్లర. అసలు ఎప్పుడు తీరుతుంది? పైగా అప్పుడు సరుకు మూడు నెలల్లో దాదాపు 8 టన్నులు. 44 కిలోలు బండి మీద అమ్మడం వేరు, 8 టన్నుల లెట్యూస్ విజయవాడలో ఎవరు తింటారు? 160 ధర నిలుస్తుందా? వాడు కాసేపు కాలిక్యులేటర్ వైపు చూసి, "చిల్లర్ పెడితే ఏడాదంతా వస్తుంది" అన్నాడు.

ఆ మాట కూడా తేల్చుకుందాం అని వాడే వెతికి ఒక లెక్క తీశాడు. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2015లో వేసిన లెక్క అది, అక్కడ కూడా మనలాగే మండే ఎండ. కిలో లెట్యూస్‌కి పొలంలో 250 లీటర్ల నీళ్ళు కావాలి, హైడ్రోపోనిక్స్‌లో 20 చాలు. దిగుబడి కూడా అదే స్థలంలో పది రెట్లు ఎక్కువ. ఇంతవరకూ అమ్మేవాళ్ళు చెబుతారు. ఆ పేపర్లోనే తర్వాత ఉంది, కిలోకి పొలంలో 1,100 కిలోజౌళ్ల శక్తి అయితే, చల్లబరచడం, వెచ్చబరచడం, లైట్లు అన్నీ కలిపి హైడ్రోపోనిక్స్‌లో 90,000. మన భాషలో చెప్పాలంటే కిలో ఆకుకి 25 యూనిట్ల కరెంటు. వాళ్ళ ఏర్పాటు వేరు, మనది వేరు, అంత కాకపోవచ్చు. సగం వేసుకోండి, పావు వేసుకోండి. మీ బిల్లు మీద యూనిట్ ధర చూసి మీరే గుణించుకోండి.

వాడు మనసు పూర్తిగా మార్చుకున్నాడని చెప్పను. "నీకు కొత్తదంటే భయం మావయ్యా" అని ఇప్పటికీ అంటాడు. కానీ పొలం కాగితాలు అక్క బీరువాలోనే ఉన్నాయి, వాడి ఉద్యోగం వాడికుంది. జూన్ నెలాఖరులో ఖాళీగా ఉన్న ఆ గ్రీన్‌హౌస్‌లో 40 ప్రో ట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి మిరప నారు పోశాడు, శనాదివారాలు వచ్చి చూసుకుంటూ. హైబ్రిడ్ గింజ ఖరీదు, మడిలో పోసి సగం పోగొట్టుకోవడం కన్నా ట్రే నారు కొనుక్కోవడం నయం అనుకునే రైతులు మా చుట్టుపక్కల బోలెడుమంది. ముందే చెప్పి పెట్టుకున్నవాళ్ళే వచ్చి మొత్తం తీసుకెళ్ళారు. అదీ మట్టి లేని సాగే కదా. దానికి మే నెలతో పని లేదు, హోటల్‌తో పని లేదు. వచ్చే ఏడు వంద ట్రేలు అంటున్నాడు, ఈసారి నేను లెక్క అడగలేదు.

ఇంట్లోకి కావాలనుకునేవాళ్ళకి మాత్రం నేను వెయ్యమనే చెబుతాను. పిల్లలకి వేళ్ళు ఎలా పెరుగుతాయో కళ్ళకి కనిపిస్తుంది, కోసుకున్న పది నిమిషాల్లో పుదీనా పచ్చడి అవుతుంది. మొదట పెట్టెలతో మొదలుపెట్టండి, పైపుల జోలికి ఏడాది తర్వాత వెళ్ళండి. డబ్బులు పెట్టాల్సింది ముందు ఈసీ మీటరు, పీహెచ్ మీటరు మీద. డాబా మీద పెట్టేవాళ్ళు 200 లీటర్ల డ్రమ్ము అంటే రెండు క్వింటాళ్ల బరువని మర్చిపోకండి, దూలం మీదకొచ్చేలా పెట్టండి. శ్లాబు వేడి నేరుగా తగలకుండా కింద చెక్క వెయ్యండి, చట్రాన్ని పిట్టగోడకి గట్టిగా కట్టండి. తుఫాను గాలికి షేడ్‌నెట్ తెరచాపలా లేస్తుంది. తోటకూర, గోంగూర కోసం మాత్రం ఇంత హంగు అక్కర్లేదు, అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పాత సిమెంటు తొట్టెలో మట్టి పోసి గింజలు చల్లండి, 25 రోజుల్లో తోటకూర పప్పు.

ఈ ఏడాది లెట్యూస్ గింజ అక్టోబరు 20 తర్వాతే వేస్తాను, రాత్రులు కాస్త చల్లబడ్డాక. నారుకి ఇరవై రోజులు, పైపుల్లో ఒక నెల. చూడాలనుకునేవాళ్ళు డిసెంబరులో ఏదైనా ఆదివారం రండి, పొద్దున తొమ్మిదిలోపే. తర్వాత నేను అరటి తోటలో ఉంటాను.